అడవికి రెండు మొహాలు

వాన మొదలైతే మా వంటింట్లో మేకుకి వేలాడే సాక్సుకి చెమట పడుతుంది. చిన్నపిల్లల తెల్ల సాక్సు, పైన నీలం గీత, జత లేదు, ఒంటిది. లోపల గళ్ళుప్పు, నలిపిన పొగాకు కలిపి ముడేసి ఉంటుంది. గాలిలో తేమ ఎక్కువైతే ఉప్పు కరిగి గుడ్డ తడుస్తుంది, ఒక్కో బొట్టు గట్టు మీద పడుతుంది, ఆ తడిలోంచి పొగాకు ఘాటు లేస్తుంది. "పారెయ్యే తల్లీ, వంటింట్లో సుట్టల కంపేటి" అని మా అమ్మ ముక్కు మూసుకుంటుంది. నాకైతే ఆ వాసన తగిలితే చాలు, పొద్దున్నే చాతం జెట్టీలో ఫెర్రీ కోసం నిలబడ్డ పైడమ్మ దీదీ కనిపిస్తుంది. మోకాళ్ళ కిందికి వచ్చేలా బిగించి కట్టిన చీర, కాళ్ళకి మగవాళ్ళ కాన్వాస్ బూట్లు, భుజాన స్కూలు పిల్లల సంచి. ఆ సంచి నిండా ఇలాంటి ఒంటి సాక్సులే.

ఆవిడ గురించి మీకు చెప్పాలి. మా బతు బస్తీలో అయితే చెప్పక్కర్లేదు, కుక్కలకి కూడా తెలుసు. వయసుకి మామ్మే, జుట్టంతా తెలుపు, కానీ పెద్దాచిన్నా అందరికీ దీదీయే. ప్రభుత్వ స్కూల్లో ముప్ఫై ఏళ్ళు ఆయాగా చేసి రిటైరైంది. పిల్లలు వదిలేసిపోయిన సాక్సులు ఒకటీ పారేసేది కాదు. ఒకదాంట్లో జలగలకి ఉప్పు, పొగాకు, ఒకదాంట్లో అగ్గిపెట్టె, ఒకదాంట్లో ఉడకబెట్టిన గుడ్లు. "జత పోయినంత మాత్రాన పనికిరాకుండా పోద్దేటి?" అనేది. సాక్సుల గురించే అంటోందని అప్పుడు నేననుకునేదాన్ని. పెళ్ళయిన నాలుగేళ్ళకే మొగుడు పోయిన మనిషని నాకు తర్వాతెప్పుడో గుర్తొచ్చింది.

ఆదివారం వస్తే ఆవిడ ఇంట్లో ఉండేది కాదు. పొద్దున్నే ఫెర్రీ ఎక్కి అవతలి ఒడ్డుకి, బాంబూఫ్లాట్‌కి పోయేది. అక్కడినుంచి బస్సు. ఏదో ఒక పాత ఊళ్ళో దిగి, ఊరంతా తిరిగి, ఊరు వెనక అడవిలో నడిచి, చీకటిపడే లోపు వచ్చేసేది. ఇద్దరు వెంట వెళ్ళేవాళ్ళు. ఒకరు మా ఎదురింటి కాసులమ్మ పిన్ని, బరువైన మనిషి, వెళ్ళనంటూనే అందరికన్నా ముందు తయారయ్యే రకం. ఇంకొకరు రోజీ, అడవి పనులకి రాంచీ నుంచి వచ్చినవాళ్ళ మనిషి, ఎక్కడికి వెళ్ళినా వంగి ఏదో ఒక ఆకుకూర కోసుకునేది. వీళ్ళు తిరిగే చోట్లేమీ టూరిస్టులు చూసేవి కావు. పడిపోయిన గోడ, పూడిపోయిన బావి, నాచు పట్టిన మెట్లు. టికెట్టు లేదు, బోర్డు లేదు. "ఏటుంది సూడ్డానికి?" అని ఎవరైనా అడిగితే "ఏటీ నేదు. నువ్వే రా, నువ్వుంటే అప్పుడు ఏదో ఒకటి ఉన్నట్టు" అనేది.

నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. పన్నెండో క్లాసు రెండుసార్లు తప్పి ఇంట్లో కూర్చున్నాను. మా అయ్యది శ్రీకాకుళం వైపు సముద్రపు ఊరు, పెళ్ళికి ముందే సముద్రం దాటి ఈ దీవుల్లోకి వచ్చాడు, చేపల వేట. నాకు ఇంట్లో ఒక పేరుంది, దారి తప్పే పిల్లని. ఎనిమిదేళ్ళప్పుడు షాదీపూర్లో ఎవరిదో పెళ్ళికి వెళ్ళి, పక్క సందులో ఇంకో పెళ్ళిలో భోజనం చేసి, అక్కడే నిద్రపోయాను. ఆ కథ మా అమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. పరీక్ష తప్పాక దానికి ఇంకో ముక్క చేర్చింది. "అప్పుడు పెళ్ళి తప్పింది, ఇప్పుడు పరీచ్చ తప్పింది."

ఒకరోజు దీదీ మా గడపలోకి వచ్చి, "నూకాలూ, నీ గుంటని ఆదివారాలు నాకియ్యి" అంది అమ్మతో.

అమ్మ నవ్వింది. "దీన్నా? ఉప్పు తెమ్మంటే పప్పు తెచ్చే మనిషి. మీరు నలుగురెల్తే ముగ్గురొత్తారు."

"ముగ్గురం ఎప్పుడూ వత్తన్నాం. నాలుగో మనిషి కావాలి."

నన్నే ఎందుకు అడిగిందో మొదటి ప్రయాణంలోనే తెలిసింది. ఆరోజు డండాస్ పాయింట్ వెళ్ళాం. ఒకప్పుడు ఖైదీల చేత ఇటుకలు చేయించిన చోటు. ఒడ్డున జపాన్ వాళ్ళు కట్టిన బంకర్లు ఇంకా ఉన్నాయి. ఊళ్ళో దిగగానే దీదీ టీకొట్టుకి పోలేదు, బావి ఎక్కడని అడిగింది. అదే ఆవిడ పద్ధతి. ముందు బావి, తర్వాత ఊళ్ళో అందరికన్నా ముసలివాళ్ళు, ఆ తర్వాతే టీ. బావి గట్టు మీద తాడు రాసుకుపోయిన గాడి ఎంత లోతుందో వేలు పెట్టి చూసేది. "ఇంత లోతు గాడంటే ఎన్ని చేతులు లాగుంటాయే! ఆళ్ళ పేర్లు ఎవుడు రాసుకున్నాడు?" అక్కడే ఒక పాత గోడ దగ్గర ఇటుకలు తడుముతూ తడుముతూ ఆగి నన్ను పిలిచింది. ఒక ఇటుక అంచున బొటనవేలి గుంట. పచ్చిగా ఉన్నప్పుడు ఎత్తిన మనిషిది. నా వేలు తీసుకుని అందులో పెట్టింది. సరిగ్గా పట్టింది. స్కూల్లో ఈ దీవుల చరిత్ర పాఠం నేను బట్టీపట్టి మర్చిపోయాను. ఆ గుంట మాత్రం ఇప్పటికీ నా వేలి కొనలో ఉంది.

"దీదీ, మీకు ఇదెలా కనబడింది? నాచు పట్టేసి ఉంది కదా" అన్నాను.

"కనబళ్ళేదు. తగిలింది." చుట్టూ చూసింది. కాసులమ్మ పిన్ని, రోజీ దూరంగా ఆకుకూర దగ్గర ఉన్నారు. గొంతు తగ్గించింది. "ఇనుకో, నీకు సెప్తన్నాను, ఇంకెవరికీ తెలీదు. నాకు ఎండలో బాగానే కనపడతాది. నీడలోకొచ్చినా, పొద్దు వాలినా మసక. అడివిలో అయితే మద్దినేళ దాటితే మరేటీ నేదు, అంతా బూడిద. ఎల్లేటప్పుడు నేను తీసుకెల్లగలను. తిరిగి తేవడానికి మనిషి కావాలి."

"డాక్టరు?"

"సూసేడు. పోతాదన్నాడు, రాదన్నాడు. అది ఒగ్గేయ్. నా కొడుక్కి తెలిసిందో, గడప దాటనివ్వడు. అప్పుడు ఆదివారాలు బంద్. సమజ్ గయీ?"

"నేనా దీదీ? నన్ను మా అమ్మే..."

"నీకు భయముంది. భయమున్నోళ్ళు బాగా సూత్తారు."

ఇక్కడ సాయంత్రం ఐదున్నరకల్లా చీకటి. అందుకే ఆవిడ ఒక నియమం పెట్టింది. వెళ్ళేటప్పుడు ముందు తను, తిరిగొచ్చేటప్పుడు ముందు అందరికన్నా చిన్నది, అంటే నేను. తను ఆఖరున, కాసులమ్మ పిన్ని కొంగు పట్టుకుని వచ్చేది. "కాళ్ళు నొప్పులే" అని పిన్నికి చెప్పేది. తిరుగు దారిలో ఆవిడ ఒక్క మాట మాట్లాడేది కాదు. పొద్దున్నంతా గలగలలాడే మనిషి పెదాలు బిగించి నడిచేది. పిన్ని అలసట అనుకునేది. నాకు తెలుసు. అడుగులు లెక్కపెట్టుకునేది, చప్పుళ్ళు వినేది. నన్ను నమ్మకపోవడం కాదు, నమ్మడం అంత తేలిక కాదు కదా.

రోడ్డు పక్క ఊళ్ళన్నీ బాగానే గడిచాయి. నమూనాఘర్ తిరిగాం, హోప్‌టౌన్ తిరిగాం. నాకు పొగరెక్కింది. "మా అయ్య సముద్రంలో గుర్తులు పెట్టుకుంటాడు దీదీ. కొండ మీది దీపస్తంభం, కింద తెల్లిల్లు ఒక వరసలోకి వచ్చాయంటే అక్కడ చేప. ఆయనకి కంపాస్ లేదు, ఏమీ లేదు. నేను ఆయన కూతుర్ని" అని ఫెర్రీలో గట్టిగా చెప్పాను. పక్కన స్కూటర్ మీద కూర్చున్నాయన కూడా విన్నాడు.

ఆ వారమే అడవిలోకి వెళ్ళాం. వింబర్లీగంజ్ దాటాక బస్సు దిగి, అడవిశాఖ బీట్ గార్డుకి చెప్పి, కొండెక్కి అవతలివైపు దిగితే ఎప్పుడో కూలిపోయిన బంగళా పునాదులున్నాయి. మా అడవుల్లో పులుల్లేవు, నక్కల్లేవు. జలగలు, జెర్రులు, అంతకుమించి చెట్లు. నేను గుర్తులు పెట్టుకుంటూ వెళ్ళాను. వేళ్ళు గోడలా లేచిన పెద్ద గర్జన్ చెట్టు దగ్గర ఎడమకి. తెల్ల పుట్టగొడుగులు పట్టిన పడిపోయిన మాను దగ్గర కుడికి. బెత్తం పొద దాటి కిందికి. మూడే గుర్తులు, నోట్లో అనుకుంటూనే ఉన్నాను. పునాదుల మీద కూర్చుని గుడ్లు తిన్నాం. రెండింటికి లేచాం.

బెత్తం పొద దొరికింది. పుట్టగొడుగుల మాను దొరకలేదు. పడిపోయిన మానులు నాలుగు కనిపించాయి, ఒక్కదానికీ పుట్టగొడుగుల్లేవు. సరే, గర్జన్ చెట్టు వస్తుందిలే అని ముందుకి నడిపించాను. అన్నీ గర్జన్ చెట్లే, దేనికీ గోడల్లాంటి వేళ్ళు లేవు, అన్నీ నున్నగా. అడవంతా ఎవరో వచ్చి మార్చేసినట్టుంది. వెనక్కి తిరిగి చెప్పడానికి సిగ్గేసి ఇంకో పావుగంట తప్పుదారిలోనే నడిపించాను. ఇప్పటికీ ఆ పావుగంట తలుచుకుంటే నాకు మొహం వేడెక్కుతుంది.

ఆఖరికి దీదీయే అంది. "దుర్గా, ఆగు. ఇందాకటినుంచి మన కాళ్ళ కింద ఆకు తొక్కిన ఆకు కాదు."

కాసులమ్మ పిన్ని అక్కడికక్కడే కూలబడింది. "ఓలమ్మో! నాను ముందే సెప్పేను, ఇంటికాడ చేపలు ఎండేసొచ్చేనని! నన్ను జలగలు తినేత్తన్నాయి దేవుడో!"

"తింటే తిననీ, నీకు తగ్గినా కనబడదు" అంది దీదీ. రోజీ ఫక్కున నవ్వింది. నేను ఏడ్చేశాను, దొరకని చెట్టు గురించీ మాను గురించీ ఏడుస్తూనే చెప్పాను. అప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, నా చీలమండకి పట్టిన జలగ మీద ఉప్పు సాక్సు అద్దుతూ అడిగింది. "మీ అయ్య సముద్రం లోపలికి ఎల్లేటప్పుడు గుర్తుల కోసం ఎటు సూత్తాడే?"

"వెనక్కి. ఒడ్డుకేసి."

"తిరిగొచ్చేటప్పుడు?"

"ముందుకి. ఒడ్డుకేసే."

"అదీ సంగతి. ఆయనకి రానూపోనూ అదే కొండ, అదే దీపస్తంభం. ఒడ్డుకి ఒకటే మొహం తల్లీ. అడివికి రెండు మొహాలు. ఎల్లేటప్పుడు ఒకటి సూపిత్తాది, వచ్చేటప్పుడు ఒకటి. నీ సెట్టుకి ఆ పక్కనే గోడలు, ఈ పక్క నున్నగుంటాది. నీ మానుకి పుట్టగొడుగులు ఆ కింద పక్కనే. పొద్దుటి నుంచి ఒక్కపాలైనా ఎనక్కి తిరిగి సూసేవా?"

చూడలేదు. ఒక్కసారి కూడా చూడలేదు. మా బస్తీలో సగం ఇళ్ళు వేటవాళ్ళవే, వాళ్ళ పిల్లల్లో ఎవరున్నా అదే తప్పు చేసేవాళ్ళని నాకిప్పుడు అనిపిస్తుంది. కానీ ఆరోజు దారి పోగొట్టింది నేను.

తర్వాత ఏం చెయ్యాలో ఆవిడే చెప్పింది. కాసులమ్మ పిన్నిని అక్కడే కూర్చోబెట్టి, "నువ్వు దీపస్తంభానివి. నోరు ముయ్యకు" అంది. పిన్నికి అంతకన్నా సులువైన పని ఇంకెవరూ చెప్పి ఉండరు. ఆవిడ గొంతు వినపడినంత దూరం నేను ఒక పక్కకి వెళ్ళి, ప్రతి పది అడుగులకీ వెనక్కి చూసుకుని, మళ్ళీ వచ్చి, ఇంకో పక్కకి వెళ్ళాను. నాలుగోసారికి పుట్టగొడుగుల మాను దొరికింది. వంగి అవతలివైపు చూస్తే కదా, అదే. కానీ రోడ్డు మీదికి వచ్చేసరికి మూడున్నర బస్సు పోయి చాలాసేపైంది. కూరగాయల బండి ఒకటి ఎక్కించుకుంది. ఫెర్రీ దాటి చాతం జెట్టీలో దిగేసరికి బాగా చీకటి.

జెట్టీలో టార్చి పట్టుకుని సింహాచలం భయ్యా నిలబడున్నాడు. దీదీ ఒక్కగానొక్క కొడుకు. ఫీనిక్స్ బే నుంచి వేరే దీవులకి వెళ్ళే బోటు మీద పని. "ఏటమ్మా ఇది? ఎంతసేపటినుంచి సూత్తన్నాను?" అన్నాడు.

"దారి తప్పేను రా. నేనే తప్పించేసేను ఈళ్ళని" అంది దీదీ.

నేను నోరు తెరిచాను. ఆవిడ మోచేత్తో నన్ను పొడిచింది. భయ్యా ర్యాంపు దిగడానికి తల్లికి చెయ్యి చాచాడు. ఆ చెయ్యి ఆవిడ మొహానికి జానెడు దూరంలో ఉంది. దీదీ తన చెయ్యి ఎత్తి పక్కన గాలిని పట్టుకుంది. మళ్ళీ వెతికింది, మళ్ళీ గాలే. భయ్యా టార్చి ఆవిడ కళ్ళ మీద వేశాడు, తర్వాత ఆపేశాడు. "ఎప్పటినుంచమ్మా?" అన్నాడు. గొంతులో కోపం లేదు, అందుకే భయమేసింది. ఆదివారాలు బంద్ అయిపోయాయి.

నా వల్లే. నేను దారి తప్పకపోతే చీకటి పడేది కాదు, చీకటి పడకపోతే ఆయనకి తెలిసేది కాదు. ఆ వారం అన్నం సహించలేదు. తర్వాతి ఆదివారం దీదీ తన అరుగు మీద బూట్లు పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది. వేసుకోలేదు, ఊరికే పక్కన పెట్టుకుంది. నేను కాళ్ళ దగ్గర కూర్చున్నాను. తిడుతుందనుకున్నాను. "పాల బూత్ దాకా ఎల్లిరా" అంది. "ఎల్లేటప్పుడు ఎనక్కి సూసుకుంటా ఎల్లు. వచ్చి ఏటి సూసేవో సెప్పు."

ఇక అదే మా పని అయిపోయింది. వాన, ఎండ చూడకుండా రోజూ సాయంత్రం బతు బస్తీ సందుల్లో నాలుగడుగులు ముందుకి వేసి ఒకసారి వెనక్కి తిరిగేదాన్ని. దీదీ అడిగేది. "మందుల కొట్టు ఎనక మొహం ఎలగుంటాది?" "నీలం పెయింటు ఊడింది, కింద పిల్లి గిన్నె." "మసీదు మలుపు?" "ఆ పక్కనుంచి చూస్తే తీగ మీద రెండు చెప్పులు వేలాడుతున్నాయి." "షాబాష్." కిరాణా కొట్టాయన దుకాణంలోంచే అరిచేవాడు. "అరే దుర్గా! ఎనక దెయ్యం వత్తందా, పెళ్ళికొడుకు వత్తన్నాడా?" మా అమ్మ తల కొట్టుకుంది. నేను మాత్రం మానలేదు. నిజం చెప్పాలంటే పరీక్షకి కూడా నేనంత చదవలేదు. పుట్టి పెరిగిన బస్తీని అప్పుడే మొదటిసారి చూశాను. రోజూ నడిచే సందుకి వెనక వైపు ఇంకో సందుంది.

ఒకరోజు ఇలాగే నడుచుకుంటూ ఫీనిక్స్ బే దాకా వెళ్ళిపోయాను. సింహాచలం భయ్యా తాళ్ళు చుడుతున్నాడు. "భయ్యా, ఆరోజు దారి తప్పించింది దీదీ కాదు, నేను" అన్నాను.

"తెలుసు. మాయమ్మ అబద్ధమాడితే ముక్కు గోక్కుంటాది."

"ఇంకొక్క ఆదివారం ఇవ్వండి. మూడున్నర బస్సులో దింపుతాను."

ఆయన తాడు చుడుతూనే అడిగాడు. "ఎక్కడికెల్తాదంట?"

"పుట్టిన చోటికట."

చుట్టడం ఆపాడు. "ఆ క్యాంపు గురించి నా సిన్నప్పటినుంచి సెప్తాది. నేను బోటెక్కిపోయేను, ఎప్పుడూ తీసుకెల్లనేదు." మళ్ళీ మొదలుపెట్టాడు. "టీక్ హై. బాంబూఫ్లాట్ జెట్టీలో నాలుగున్నరకి నిలబడతాను. ఆ బస్సులోంచి అమ్మ దిగాలి. దిగకపోతే, బేటీ, ఇంక నన్నడక్కు."

దీదీ వాళ్ళ నాన్న అడవిశాఖలో దుంగలు లాగించే కూలీ. అప్పట్లో ఏనుగులు లాగేవి. ఏనుగులు, మనుషులు ఒకే క్యాంపులో ఉండేవాళ్ళు. ఆ క్యాంపు ఇప్పుడు లేదు, అడవి తినేసింది. బస్సు దిగి గంట నడక. ఆరోజు నేను ప్రతి మలుపులో ఆగి వెనక్కి చూశాను, అంత మెల్లగా నడిచామంటే కాసులమ్మ పిన్ని కూడా మాకోసం ఆగింది. ఎండ ఉన్నంత మేర దీదీయే ముందు నడిచింది. అరవై ఏళ్ళ కిందటి దారి ఆవిడ కాళ్ళకి గుర్తుంది.

అక్కడ ఏముంది? తుప్పు పట్టిన ఇనప పట్టా ముక్క, మూడు పొయ్యి రాళ్ళు, తీగల కింద పొడవాటి సిమెంటు తొట్టి. ఏనుగులకి నీళ్ళు పెట్టే తొట్టి. దీదీ కత్తితో తీగలు నరికి, చేత్తో అంచంతా తడిమి, ఒకచోట ఆగింది. గొలుసు రాసుకుని పడిన గాడి. "మాయమ్మ నాకు ఇందులోనే నీల్లు పోసేది. ఏనుగు ఒక పక్క తాగుతుంటే నేను ఒక పక్క. తొండంతో నా మీద పోసేది ముండ" అంది. అని, చీర ఎగ్గట్టి, ఎవరం ఆపేలోపే తొట్టిలోకి దిగి, మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. తెల్లజుట్టు మాత్రమే పైకి కనబడుతోంది. రోజీ నవ్వబోయి ఆగిపోయింది. ఆకుల సందులోంచి ఎండ సరిగ్గా ఆ తొట్టి మీదే పడుతోంది. దీదీ ఎటూ చూడలేదు, కళ్ళు మూసుకుంది. అంతదూరం వచ్చి కళ్ళు మూసుకుందేమిటా అనుకున్నాను.

రెండయింది. "లేవండి దీదీ" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. లేపడానికి ముగ్గురం పట్టాల్సి వచ్చింది.

నేను ముందు నడిచాను. నా వెనక రోజీ, కాసులమ్మ పిన్ని, ఆవిడ కొంగు పట్టుకుని ఆఖరున దీదీ. అప్పటికే చెట్ల కింద వెలుగు సన్నబడింది. చీలిన రాయి, ఈ పక్కనుంచి చూస్తే రొట్టె ముక్కలా ఉంది, అవును. వంగిన చెట్టుకి ఈవైపు తొర్ర, అవును. వెనకనుంచి దీదీ మౌనం కోసం ఎదురుచూస్తున్నాను, ఎప్పుడూ ఉండే మౌనం.

"ఒలే కాసులూ, మొన్న పులుసులో మావిడికాయేసేవంట?" అంది దీదీ.

"ఏసేను. అయితే ఏటి?"

"వంజరం చేపకి మావిడికాయేటే! చింతపండు మరిచిపోయేవా, సిగ్గు మరిచిపోయేవా?"

"మా అత్తోరింట్లో మావిడికాయే ఎయ్యడం. తింటే తిను, నేదంటే ఒగ్గేయ్!"

మొదలైంది. చింతపండు, మామిడికాయ, వాళ్ళ అత్త, వీళ్ళ అత్త, మెంతులు వెయ్యాలా వద్దా. దారంతా అదే. దీదీ అడుగులు లెక్కపెట్టలేదు, చప్పుళ్ళు వినలేదు, "దుర్గా, సరిగానే ఎల్తన్నావా" అని ఒక్కసారి అడగలేదు. దారి రెండుగా చీలిన చోట నేను ఆగాను. వెనక అందరూ ఆగారు. దీదీ మాత్రం ఆగిన సంగతే పట్టనట్టు "మెంతులు మాడితే సేదొస్తాదే మొద్దూ" అంటూనే ఉంది. నేను కుడికి తిరిగాను. ఇంకో పావుగంటకి రోడ్డు కనిపించింది. బస్సుకి ఇంకా ఇరవై నిమిషాలుంది. ఆ ఇరవై నిమిషాలూ రోడ్డు పక్కన కూర్చుని ఏడ్చాను. "ఏటయ్యిందే, జలగా?" అని దీదీ సాక్సు తీసిచ్చింది. అదే ఇప్పుడు మా వంటింట్లో ఉన్నది.

బాంబూఫ్లాట్‌లో భయ్యా చెయ్యి చాచలేదు. నా వైపు చూశాడు. నేనే దీదీ చెయ్యి తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టాను. ఆ తర్వాత నాలుగేళ్ళు మా ఆదివారాలు ఆగలేదు.

దీదీ పోయి రెండేళ్ళయింది. జ్వరం, మూడు రోజులు, అంతే. మా వాళ్ళలో ఆడవాళ్ళు శ్మశానానికి వెళ్ళరు. సింహాచలం భయ్యా మా గుమ్మంలోకి వచ్చి "దుర్గ రావాల" అన్నాడు, ఎవరూ మారుమాట చెప్పలేదు. అంతా అయ్యాక తిరిగొస్తుంటే మా అయ్య నా భుజం మీద చెయ్యేసి మెల్లగా అన్నాడు. "ఎనక్కి సూడకు తల్లీ. సూడకూడదు." ఆ ఆచారం నాకూ తెలుసు. గేటు దాకా తల వంచుకునే నడిచాను. గేటు దగ్గర ఆగి, వెనక్కి తిరిగి చూశాను. ఒకపక్క వంగిన కొబ్బరిచెట్టు, కారుతున్న కుళాయి, గోడ మీద ఎవరిదో తువ్వాలు. మూడు గుర్తులు. ఇంటికొచ్చాక కాసులమ్మ పిన్ని గుసగుసగా అడిగింది. "సూసేవా?" "చూశాను." "మంచి పని సేసేవు" అని కొంగుతో మొహం కప్పుకుంది.

నేనిప్పుడు షాదీపూర్లో ఒక టైలర్ షాపులో కాజాలు కుడతాను. ఆదివారం మాత్రం నాది. పిన్ని వస్తుంది, రోజీ వస్తుంది, ఈమధ్య మా సందు చివర ఉండే రేవతి అనే పదహారేళ్ళ పిల్ల వస్తోంది, ఎవరేమన్నా నేలచూపులు చూసే పిల్ల. నియమం మారలేదు. తిరుగు దారిలో రేవతి ముందు, నేను ఆఖరున.

పోయిన ఆదివారం ఆ పిల్లని మొదటిసారి అడవిలో ముందు నడిపించాను. వెనకనుంచి నేను పిన్నితో పులుసు గొడవ పెట్టుకున్నాను, దీదీలాగే. నాకు చేతకాలేదు. మాట మధ్యలో కళ్ళు ముందుకి పోతున్నాయి, ఆ పిల్ల ఎటు తిరుగుతోందా అని. "అటు కాదు" అనే మాట నాలుక చివర నిలబడి ఉంది. అప్పుడు తెలిసింది నాకు, దీదీ ఆరోజు నాకిచ్చిందేమిటో. నాకు కళ్ళున్నాయి, తప్పు జరిగితే నేనే దిద్దుకోగలను. ఆవిడ ముందు ఉన్నదంతా బూడిద, ఆ బూడిదలో నేనొక్కదాన్నే. అయినా మెంతుల గురించి దెబ్బలాడింది.

నేను పిన్ని కొంగు పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. ముందు రేవతి అడుగులు దారి చీలిక దగ్గర ఆగాయి. ఒక ఆకు పడిన చప్పుడు కూడా వినిపించింది. నేను కళ్ళు తెరవలేదు.

"ఎన్ని చెప్పు పిన్నీ, వంజరానికి చింతపండే" అన్నాను.

అడుగులు మళ్ళీ కదిలాయి.